మెదడు ఇన్ఫెక్షన్లకు సీటీ, ఎంఆర్‌ఐ స్కాన్లు: కర్నూలు వైపు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలులో ఒక స్కానింగ్ విభాగంలో నేను టెక్నీషియన్‌ని. ఆదోని, ఆలూరు, పత్తికొండ, నంద్యాల నుంచి పేషెంట్లు వస్తారు. తుంగభద్ర దాటి గద్వాల నుంచీ, అటు రాయచూరు నుంచీ వస్తారు. స్కాన్ గది బయట బెంచీ మీద కూర్చుని వాళ్లు అడిగే సందేహాలు ఏళ్ల తరబడి అవే. ఒక్కొక్కరికి నిలబడి చెప్పేంత తీరిక దొరకదు. సగం చెప్పి లోపలికి వెళ్లిపోయిన రోజు నాకు నిద్ర పట్టదు. అందుకే అన్నీ ఒక చోట రాశాను. నేను డాక్టరును కాను. మా రేడియాలజిస్టుల (స్కాన్ చదివి రిపోర్టు రాసే డాక్టర్ల) దగ్గర, న్యూరో డాక్టర్ల దగ్గర విన్నవీ అడిగి తెలుసుకున్నవీ ఇక్కడ ఉన్నాయి. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదవవచ్చు.

## స్కాన్ రాసిన రోజు

జ్వరం, తలనొప్పే కదా. దానికి తల స్కానింగ్ ఏంటికి?

ఉత్త జ్వరం, తలనొప్పికి స్కాన్ అక్కర్లేదు. డాక్టరు రాశారంటే ఇంకేదో చూశారన్నమాట. మాట తడబడటం, పిలిస్తే ఆలస్యంగా పలకడం, ఫిట్స్, మెడ వంచలేకపోవడం, ఆగని వాంతులు, ఒక చెయ్యో కాలో పట్టు తప్పడం, వారాల తరబడి వదలని తలనొప్పి. వీటిలో ఏది ఉన్నా జ్వరం మెదడు దాకా వెళ్లిందేమో చూడాల్సిందే.

ఇంట్లో మీరు గమనించిన చిన్న మార్పునైనా చెప్పండి. ఒకసారి ఒక తల్లి మాటల్లో మాటగా "రెండ్రోజులుగా మావాడు ఎడమచేత్తో ముద్ద కలుపుతున్నాడు సార్" అంది. చీటీ మీద ఆ సంగతి లేదు, జ్వరం, ఫిట్స్ అని మాత్రమే ఉంది. డాక్టరుకు ఫోన్ చేసి చెప్పాం. కుడిచెయ్యి బలం తగ్గిందంటే మెదడులో ఎడమవైపు చూడాలి. గడ్డ అక్కడే ఉంది.

ముందు స్కాన్, రిపోర్టు వచ్చాకే మందులా?

కాదు. బ్యాక్టీరియా వల్ల మెదడు పొరలకు వాపు వచ్చిందని, అంటే మెనింజైటిస్ అని అనుమానం ఉంటే ఒక్కో గంటకూ విలువ ఉంటుంది. రక్తం నమూనా తీసి, యాంటీబయాటిక్ మొదటి డోసు వేసి, ఆ తర్వాతే స్కాన్‌కు పంపడం సరైన పద్ధతి. మందు పడిన కొన్ని గంటల తర్వాత వెన్నునీరు తీసినా అందులో కణాలు, చక్కెర, ప్రొటీన్ తేడాలు తెలుస్తూనే ఉంటాయి.

స్కాన్ వరుసలో ఇంకా నలుగురు ముందున్నారని చెప్పి మందు ఆపి కూర్చోబెట్టిన సందర్భాలు చూశాను. స్పృహ తగ్గుతున్న మనిషి పక్కన మీరు ఉంటే, "మొదటి ఇంజెక్షన్ వేశారా?" అని నర్సమ్మను అడగండి. మర్యాదగా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

వెన్నులో నీళ్లు తీస్తామంటున్నారు. స్కాన్ తీస్తే చాలదా? కాళ్లు పడిపోతాయంటారే?

అన్నింటికంటే ఎక్కువ మంది అడిగేది ఇదే. ఈ భయం వల్లే ఎక్కువ నష్టం జరుగుతోంది.

మెదడులో మార్పు ఎక్కడుందో, ఎంతుందో స్కాన్ చూపిస్తుంది. అది ఏ క్రిమి వల్ల వచ్చిందో చాలాసార్లు చూపించలేదు. టీబీ మెనింజైటిస్‌కూ ఫంగస్ మెనింజైటిస్‌కూ ఫిల్ము ఒకేలా ఉండొచ్చు, మందులు మాత్రం పూర్తిగా వేరు. ఆ తేడా చెప్పేది మెదడు చుట్టూ, వెన్నుపాము చుట్టూ తిరిగే నీరు. అందులో ఏ కణాలు ఎన్ని ఉన్నాయి, చక్కెర ఎంత తగ్గింది, టీబీ క్రిమి ఆనవాలు దొరికిందా, హెర్పిస్ వైరస్ పీసీఆర్‌లో (క్రిమి జన్యువును పట్టే పరీక్షలో) వచ్చిందా అని ల్యాబు చూస్తుంది.

ఇక కాళ్ల సంగతి. పెద్దవాళ్లలో వెన్నుపాము నడుము పైభాగంలోనే, మొదటి రెండవ నడుము పూసల దగ్గర ముగిసిపోతుంది. సూది వేసేది అంతకంటే కింద, మూడు నాలుగు పూసల మధ్యనో, నాలుగు ఐదు పూసల మధ్యనో. అక్కడ నీళ్లలో తేలే నరాల పోగులే ఉంటాయి, సూదికి అవి పక్కకు జరుగుతాయి. తీసేది కొన్ని మిల్లీలీటర్లు. శరీరం రోజుకు సుమారు 500 మిల్లీలీటర్ల నీరు కొత్తగా తయారు చేసుకుంటుంది. కొందరికి రెండు మూడు రోజులు తలనొప్పి ఉంటుంది, అది తగ్గిపోతుంది. నీళ్లు తీశాక కాళ్లు పడిపోయాయని ఊళ్లో చెప్పుకునే మనుషుల్లో చాలామందికి కాళ్లు పడింది అసలు జబ్బు వల్ల, అంటే టీబీ వెన్నుకు పాకడం వల్ల.

సంతకం పెట్టడానికి ఇంటిపెద్ద రావాలని సాయంత్రం దాకా ఆగే కుటుంబాలను చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది. ఫోన్‌లో మాట్లాడి ఒప్పించండి.

నీళ్లు తీసేముందు అందరికీ సీటీ తప్పనిసరా?

అందరికీ అక్కర్లేదు. కొత్తగా ఫిట్స్ వచ్చినవాళ్లు, స్పృహ తగ్గినవాళ్లు, ఒకవైపు చెయ్యి కాలు బలహీనపడినవాళ్లు, కంటి వెనుక నరం ఉబ్బినవాళ్లు, హెచ్‌ఐవీ వంటి కారణాలతో రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు, అంతకుముందే మెదడు జబ్బు ఉన్నవాళ్లకు ముందు సీటీ తీస్తారు. లోపల పెద్ద గడ్డ ఉండి ఒత్తిడి పెరిగి ఉంటే, కింద నీరు తీయగానే మెదడు కిందికి జారే ప్రమాదం ఉంది. ఆ గడ్డ లేదని చూసుకోవడానికే ఆ సీటీ.

పసిబిడ్డను కూడా మెషీన్‌లో పెట్టాల్సిందేనా?

మాడు ఇంకా మూసుకోని బిడ్డకు ముందు ఆ మెత్తటి చోటు మీద అల్ట్రాసౌండ్ పెట్టి చూడవచ్చు. మత్తు అక్కర్లేదు, రేడియేషన్ లేదు, తల్లి ఒడిలోనే అయిపోతుంది. నీరు చేరి మెదడు గదులు పెద్దవయ్యాయా, పెద్ద చీముగడ్డ ఏదైనా ఉందా అన్నది తెలుస్తుంది. పొరల సన్నటి మార్పులు తెలియవు. వాటికి తర్వాత ఎంఆర్‌ఐ అవసరం కావచ్చు. జ్వరంతో ఉన్న పసిబిడ్డ మాడు ఉబ్బి గట్టిగా కనిపిస్తే, పాలు తాగకుండా మూలుగుతుంటే స్కాన్ సంగతి తర్వాత, ముందు 108కి ఫోన్ చేయండి.

## సీటీనా, ఎంఆర్‌ఐనా

రెంటిలో ఏది మంచిది?

రెండూ వేర్వేరు పనిముట్లు. సీటీ ఎక్స్‌రేలతో తీసేది, రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. రక్తస్రావం, నీరు చేరడం, పెద్ద గడ్డ, గట్టిపడిన సున్నపు చుక్కలు ఇందులో బాగా తెలుస్తాయి. కదలకుండా పడుకోలేని మనిషికి, ఊపిరి సరిగా ఆడని మనిషికి అదే నయం. ఎంఆర్‌ఐ అయస్కాంతంతో పనిచేస్తుంది, అరగంట నుంచి ముప్పావు గంట పడుతుంది. మెదడు కణజాలంలో తొలి వాపు, పొరల మంట, మెదడు కాండం, వెన్నుపాము చూడాలంటే దానికి సాటి లేదు.

సీటీ నార్మల్ అని వచ్చింది. మళ్లీ ఎంఆర్‌ఐ ఏంటికి? డబ్బుల కోసమా?

ఈ అనుమానం ఎందుకు వస్తుందో నాకు తెలుసు. జీతం మీద బతికే ఇంట్లో రెండో స్కాన్ అంటే మాటలు కాదు. కానీ మెదడు ఇన్ఫెక్షన్ల విషయంలో ఈ రెండో స్కాన్‌కు చాలాసార్లు గట్టి కారణం ఉంటుంది.

హెర్పిస్ వైరస్ మెదడుకు పాకిందనుకోండి. మనిషి రెండు రోజులుగా పొంతన లేకుండా మాట్లాడతాడు, తెలిసినవాళ్లనే గుర్తుపట్టడు. ఇంట్లో గాలి సోకిందనో, మనసు చెదిరిందనో అనుకుంటారు. మొదటి రోజుల్లో సీటీ శుభ్రంగా ఉంటుంది. అదే రోజు ఎంఆర్‌ఐ తీస్తే కణతల లోపలి భాగం ఒకవైపు వాచి తెల్లగా కనిపించవచ్చు. ఆ చోటే ఈ వైరస్‌కు ఇష్టమైన చోటు. దీనికి ఎసిక్లోవిర్ అనే మందు ఉంది. మందు లేని కాలంలో ఈ జబ్బు వచ్చిన పదిమందిలో ఏడుగురు దక్కేవారు కాదు. అందుకే అనుమానం రాగానే మందు మొదలుపెట్టి, ఆ తర్వాత ఎంఆర్‌ఐ, వెన్నునీరు చూస్తారు.

ఒక చోట సీటీ తీసి "అంతా బాగుంది" అని ఇంటికి పంపితే, నాలుగో రోజు ఫిట్స్ ఆగకుండా మా దగ్గరికి వచ్చిన ఒక డిగ్రీ అమ్మాయిని నేను మరిచిపోలేను. సీటీ తప్పు చెప్పలేదు. సీటీకి కనపడే దశకు జబ్బు ఇంకా రాలేదు, అంతే.

రేడియేషన్‌తో క్యాన్సర్ వస్తుందంటారే?

ఎంఆర్‌ఐలో రేడియేషనే లేదు. తల సీటీలో పడేది సుమారు 2 మిల్లీసీవర్టులు (రేడియేషన్‌ను కొలిచే లెక్క). నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి ఏడాదిలో మనందరికీ సహజంగా తగిలేది దానికంటే కాస్త ఎక్కువే. అవసరమైన ఒక్క సీటీకి భయపడి వెనక్కి తగ్గవద్దు. అవసరం లేకుండా, పిల్లలకు పదేపదే తీయించడం మాత్రం వద్దు.

గర్భిణికి తీయవచ్చా?

ప్రాణాపాయం ఉంటే తీస్తారు. తల సీటీలో కడుపులోని బిడ్డకు చేరే రేడియేషన్ అతి స్వల్పం. ఎంఆర్‌ఐ కూడా తీయవచ్చు, కానీ అందులో వాడే గాడోలినియం అనే కాంట్రాస్ట్ ఇంజెక్షన్ వీలైనంత వరకు ఇవ్వరు. గర్భం ఉందని, నెల తప్పిందన్న అనుమానం ఉన్నా సరే, మాకు ముందే చెప్పండి.

కాంట్రాస్ట్ ఇంజెక్షన్ ఎందుకు? కిడ్నీలు పోతాయా?

ఇన్ఫెక్షన్ వచ్చిన చోట మెదడు రక్తనాళాల కాపలా దెబ్బతింటుంది. కాంట్రాస్ట్ మందు ఆ చోట బయటికి కారి వెలుగుతుంది. టీబీ మెనింజైటిస్‌లో మెదడు అడుగున పొరలు వెలగడం, గడ్డ చుట్టూ ఉంగరంలా గీత కనపడటం ఈ మందు వల్లనే. ఇది లేకుండా తీస్తే చాలా సంగతులు తప్పిపోతాయి.

సీటీకి అయోడిన్ ఉన్న మందు, ఎంఆర్‌ఐకి గాడోలినియం మందు వాడతారు. కిడ్నీలు బాగున్నవాళ్లకు భయం లేదు. షుగర్, బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ముందు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేస్తారు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ బిళ్ల వేసుకుంటున్నారా, గతంలో ఇంజెక్షన్ పడక దద్దుర్లు, ఆయాసం వచ్చాయా అన్నది తప్పక చెప్పండి. మందు ఎక్కేటప్పుడు ఒళ్లు కాస్త వేడెక్కినట్టు, నోట్లో లోహపు రుచి వచ్చినట్టు ఉంటుంది, నిమిషంలో పోతుంది. పాలిచ్చే తల్లులు పాలు ఆపాల్సిన పని లేదు.

## మెషీన్ గదిలో

తాళి కూడా తీయాలా?

బంగారాన్ని అయస్కాంతం లాగదు. సమస్య బంగారంతో కాదు, తాళికి తగిలించుకున్న పిన్నీసులతో. మన వైపు ఆడవాళ్ల తాళికి రెండు మూడు పిన్నీసులు ఉండని రోజు లేదు. అవి ఇనుము. 1.5 టెస్లా (అయస్కాంత బలాన్ని కొలిచే లెక్క) అయస్కాంతం భూమి అయస్కాంత బలానికి సుమారు 30,000 రెట్లు. గదిలో అడుగు పెట్టగానే పిన్నీసు సూదిలా లేచి గొలుసును లాగడం నా కళ్లతో చూశాను. ఆ పెద్దామె మెడ మీద సన్నగా చీరుకుంది. ఆ రోజు నుంచి నేను నోటితో అడిగి వదిలేయను, పిన్నీసులు నా చేతిలో పెట్టించుకునే లోపలికి పంపుతాను.

తాళి తీయడం ఇష్టం లేనివాళ్లకు పసుపుతాడు కట్టుకుని రమ్మని చెబుతాం. పిన్నీసులు, జడపిన్నులు, తాయెత్తులు, మొలతాడుకున్న లోహపు బిళ్లలు, కట్టుడు పళ్లు, చెవి మిషను, ఏటీఎం కార్డు, ఫోను అన్నీ బయటే. వెండి మెట్టెలు వస్తే తీసేయండి. వేలికి బిగిసిపోయి రాకపోతే టెక్నీషియన్‌తో చెప్పండి, వాళ్లు చూసుకుంటారు. పేషెంటుతో వచ్చినవాళ్లు కూడా ఆక్సిజన్ సిలిండర్‌ను, ఇనుప స్ట్రెచర్‌ను తలుపు దాటనివ్వకండి. అయస్కాంతం ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, స్కాన్ జరగనప్పుడు కూడా.

కాలిలో రాడ్డు ఉంది, గుండెకు మిషను ఉంది. ఎంఆర్‌ఐ తీయవచ్చా?

ఎముకలో వేసిన రాడ్లు, ప్లేట్లు, కాపర్-టీ ఎక్కువగా ఇబ్బంది పెట్టవు. పేస్‌మేకర్, మెదడు రక్తనాళానికి వేసిన పాత క్లిప్పు, చెవి లోపల అమర్చిన కాక్లియర్ పరికరం ఉంటే, అది వేసినప్పుడు ఇచ్చిన కార్డు చూపించాలి. కొన్నింటికి కుదురుతుంది, కొన్నింటికి ప్రాణం మీదికొస్తుంది.

ఇంకో సంగతి. బేతంచర్ల వైపు బండల ఫ్యాక్టరీల్లో, వెల్డింగ్ షాపుల్లో, లేతు మిషన్ల మీద పనిచేసినవాళ్లకు ఎప్పుడో కంట్లో ఇనుప రవ్వ పడి ఉండొచ్చు. కంటి లోపల మిగిలిన రవ్వ అయస్కాంతానికి కదిలితే చూపే పోతుంది. గ్రైండర్ పని చేశానని ఒక్క మాట చెప్పండి, ముందు ఎక్స్‌రే తీసి చూస్తాం.

లోపల గుహలో పెట్టినట్టుంటుందట. మా నాయన భయపడతాడు.

చాలామందికి టెన్షన్ ఉంటుంది. డమడమమని చప్పుడు వస్తుంది, చెవుల్లో దూది పెడతాం. చేతిలో రబ్బరు బంతి ఇస్తాం, నొక్కితే మేం వస్తాం. ఇంటి మనిషి పిన్నీసులు, ఫోను బయట పెట్టి పక్కన కూర్చుని కాలు పట్టుకుని ఉండొచ్చు. పట్టుకున్న ఆ చెయ్యి మత్తు ఇంజెక్షన్ కంటే బాగా పనిచేయడం నేను ఎన్నోసార్లు చూశాను.

పిల్లకు మత్తు ఇవ్వాలంటున్నారు. ఏమీ పెట్టకుండా ఎంతసేపు ఉంచాలి?

మామూలు లెక్క: అన్నం, పాల డబ్బా పాలు 6 గంటల ముందు ఆపాలి, తల్లిపాలు 4 గంటల ముందు, మంచినీళ్లు 2 గంటల ముందు. ఏడుస్తోందని అవ్వ చాటుగా బిస్కెట్ పెడితే మత్తులో వాంతై ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పెట్టి ఉంటే దాచకండి, స్కాన్ కొన్ని గంటలు వాయిదా పడుతుంది, అంతే.

## రిపోర్టు చేతికొచ్చాక

"రింగ్ ఎన్‌హాన్సింగ్ లీజన్" అని రాశారు. క్యాన్సరా?

మధ్యలో నల్లగా, చుట్టూ వెలిగే ఉంగరంలా కనిపించే గడ్డను అలా రాస్తారు. అది రోగం పేరు కాదు, ఆకారం పేరు. మన దేశంలో ఫిట్స్‌తో వచ్చిన పిల్లలు, యువకుల్లో ఇలా కనిపించేది ఎక్కువగా బద్దెపురుగు గుడ్డు వల్ల వచ్చిన చిన్న గడ్డో, టీబీ గడ్డో అయి ఉంటుంది. చీముగడ్డ కావచ్చు, కణితి కూడా కావచ్చు. ఫోన్‌లో ఆ పదం వెతికి రాత్రంతా ఏడ్చి వచ్చేవాళ్లున్నారు. దయచేసి వెతకకండి, ఫిల్ముతో డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఒక డాక్టరు టీబీ అన్నారు, ఇంకొకరు పురుగు అన్నారు. ఎవరిని నమ్మాలి?

ఇద్దరూ తెలిసినవాళ్లే అయి ఉండొచ్చు, ఎందుకంటే ఈ రెండూ ఫిల్ము మీద కవలల్లా ఉంటాయి.

ఒకప్పుడు మన దేశంలో ఫిట్స్‌తో వచ్చి సీటీలో ఒక్క చిన్న ఉంగరం కనిపిస్తే చాలు, టీబీ మందులు నెలల తరబడి వాడించేవారు. వేలూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రిలో డాక్టర్ వేదాంతం రాజశేఖర్, డాక్టర్ మాథ్యూ చాందీ బృందం వీటిని ఓపికగా పరిశీలించి, వాటిలో ఎక్కువ భాగం బద్దెపురుగు గడ్డలని, చాలావరకు వాటంతటవే కరిగిపోతాయని తేల్చింది. 1993లో వాళ్లు చెప్పిన కొలత ఇప్పటికీ డాక్టర్ల నోట వినిపిస్తుంది: గడ్డ 20 మిల్లీమీటర్ల లోపు, గుండ్రంగా, చుట్టూ వాపు ఉన్నా మెదడు మధ్యగీతను పక్కకు నెట్టకుండా ఉంటే పురుగు వైపు మొగ్గాలి. అంతకంటే పెద్దది, అంచులు ఎగుడుదిగుడుగా ఉన్నది, మనిషికి నరాల బలహీనతో కంటినరం వాపో ఉన్నది అయితే టీబీ వైపు.

ఎంఆర్‌ఐలో ఇంకొన్ని ఆనవాళ్లు దొరుకుతాయి. నీటిబుడగ లోపల పక్కకు ఒరిగి జొన్నగింజంత చుక్క కనపడితే అది పురుగు తల. ఆ చుక్క దొరికితే ఇక వాదన లేదు. నేను ఫిల్మును లైటు మీద పెట్టి తిప్పి తిప్పి ఆ చుక్క కోసమే వెతుకుతాను, దొరికిన రోజు ఆ ఇంటికి ఏడాది టీబీ మందుల బరువు తప్పుతుంది. స్పెక్ట్రోస్కోపీ అనే అదనపు పరీక్షలో కొవ్వును సూచించే గీత ఎత్తుగా వస్తే టీబీ అనుమానం బలపడుతుంది. ఛాతీ ఎక్స్‌రే, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా అన్న మాట కూడా అంతే విలువైనవి. చినమామకు దగ్గు మందులు నడుస్తున్నాయని చెప్పడానికి సిగ్గుపడకండి.

మేం పంది మాంసమే ముట్టం. మెదడులోకి పురుగు ఎట్ల వచ్చింది?

శాకాహారులకూ వస్తుంది. సరిగా ఉడకని పంది మాంసం తిన్నవాళ్లకు పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. ఆ మనిషి మలంలో వచ్చే గుడ్లు నేల మీద, కాలువ నీళ్లలో, కూరగాయల మీద చేరతాయి. ఆ గుడ్లు మన కడుపులోకి పోతే పిల్లపురుగులు రక్తంలో కలిసి మెదడు దాకా వెళతాయి. అంటే మెదడు జబ్బుకు దారి గుడ్లు. కడగని కొత్తిమీర, క్యారెట్, బహిరంగ మలవిసర్జన, చేతులు కడగని వంటమనిషి. ఇంట్లో ఒకరికి ఈ గడ్డ వస్తే మిగతావాళ్ల మలపరీక్ష చేయించడం మంచిది. బద్దెపురుగు మోస్తున్న మనిషి ఆ ఇంట్లోనే ఉండవచ్చు.

పురుగు అన్నారు కదా, అల్బెండజోల్ అనే పురుగుల మందు నేనే కొని వేసుకోవచ్చా?

వద్దు. పురుగు చచ్చేటప్పుడు చుట్టూ మెదడు వాస్తుంది, ఫిట్స్ పెరగవచ్చు. అందుకే వాపు తగ్గించే స్టెరాయిడ్ తోడుగా ఇస్తారు. మెదడంతా బుడగలు నిండి వాపు ఉన్నవాళ్లకు ఈ మందు ప్రమాదం. కంట్లో కూడా పురుగు ఉందేమో ముందే చూస్తారు.

టీబీ మెనింజైటిస్‌లో "హైడ్రోసెఫలస్" అని రాశారు. ఆపరేషన్ తప్పదా?

మెదడు అడుగున చిక్కటి రసి పేరుకుని నీరు పోయే దారులు మూసుకుంటే లోపలి గదులు ఉబ్బుతాయి. కొందరికి మందులతో సర్దుకుంటుంది. స్పృహ తగ్గుతుంటే తల నుంచి పొట్టలోకి సన్నటి గొట్టం వేసి నీటిని మళ్లిస్తారు, దాన్నే షంట్ అంటారు. స్పృహ పూర్తిగా పోకముందే వేస్తే ఫలితం బాగుంటుంది. ఈ జబ్బులో రక్తనాళాలు బిగుసుకుని పక్షవాతం కూడా రావచ్చు, స్కాన్‌లో అదీ చూస్తారు. టీబీ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. మెదడు టీబీకి ఆరు నెలలు చాలవు, 9 నుంచి 12 నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ.

మెదడువాపు జ్వరం అన్నారు. స్కాన్‌లో అది తెలుస్తుందా?

జపనీస్ మెదడువాపు మన ప్రాంతానికి కొత్త కాదు. 1999 అక్టోబర్, నవంబర్ నెలల్లో అనంతపురం జిల్లాలో అది విజృంభించింది. వరి మళ్ల నిలవనీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ పందుల నుంచి, కొంగల నుంచి మనుషులకు దీన్ని చేరవేస్తుంది. కేసీ (కర్నూలు–కడప) కెనాల్ కింద ఊళ్లలో వానాకాలం చివర జ్వరం, ఫిట్స్ అంటే డాక్టర్లకు ఇది గుర్తొస్తుంది.

ఎంఆర్‌ఐలో మెదడు నడిబొడ్డున రెండువైపులా ఉండే థాలమస్ భాగాలు వాచి కనిపించడం దీని ఆనవాలు. డెంగీలో కూడా అదే చోటు దెబ్బతినవచ్చు కాబట్టి ఫిల్ము ఒక్కటీ చాలదు, వెన్నునీటిలో, రక్తంలో ఐజీఎమ్ (శరీరం ఆ వైరస్ మీద తయారుచేసే యాంటీబాడీ) పరీక్ష చేస్తారు. ఈ వైరస్‌ను చంపే మందు లేదు. ఫిట్స్, మెదడు వాపు, ఊపిరి కాపాడటమే వైద్యం. టీకా మాత్రం ఉంది, ఇస్తున్న జిల్లాల్లో 9 నెలలకు ఒకటి, 16–24 నెలల మధ్య రెండోది.

చెవిలో చీము కారితే మెదడులో గడ్డ వస్తుందా?

వస్తుంది. ఏళ్ల తరబడి కారుతున్న చెవి నుంచి పలుచని ఎముక దాటి చీము పక్కనే ఉన్న కణత భాగానికో, చిన్నమెదడుకో చేరుతుంది. డిఫ్యూజన్ అనే ఎంఆర్‌ఐ చిత్రంలో చిక్కటి చీము తెల్లగా మెరుస్తుంది, కణితిలోని నీరు సాధారణంగా అలా మెరవదు. పుట్టుకతో గుండెలో రంధ్రం ఉండి నీలంగా మారే పిల్లలకూ ఈ గడ్డలు రావచ్చు. చెవిలో నూనె, ఆకుపసరు పోయడం ఆపి, ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.

షుగర్ ఉన్న మా నాయనకు కన్ను వాచింది. ముక్కుకు, మెదడుకు కలిపి ఎంఆర్‌ఐ అన్నారు.

ఆలస్యం చేయకండి, ఈ రోజే తీయించండి. 2021లో కోవిడ్ రెండో దశలో చూసిన బ్లాక్ ఫంగస్ షుగర్ ఉన్నవాళ్లకు ఇప్పటికీ వస్తోంది. ముక్కు నుంచి కంటికి, కంటి నుంచి మెదడుకు రోజుల్లో పాకుతుంది. కాంట్రాస్ట్ ఇచ్చినా వెలగని చచ్చిన కండ ఎంత దూరం ఉందో ఎంఆర్‌ఐ చూపితేనే సర్జన్‌కు ఎక్కడి దాకా తీయాలో తెలుస్తుంది.

హెచ్‌ఐవీ టెస్టు కూడా ఎందుకు అడుగుతున్నారు? అవమానంగా ఉంది.

మీ నడవడిక మీద అనుమానంతో కాదు. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లలో అదే ఫిల్ముకు అర్థం మారుతుంది. నాలుగైదు ఉంగరాలు కనపడితే టాక్సోప్లాస్మా అనే క్రిమి కావచ్చు, దానికి మామూలు బిళ్లలతోనే నయమవుతుంది. స్కాన్ దాదాపు బాగానే ఉండి తలనొప్పి మాత్రం వారాలుగా తగ్గకపోతే క్రిప్టోకాకస్ ఫంగస్ కావచ్చు. ఐసీటీసీ అనే ప్రభుత్వ హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రంలో పరీక్ష ఉచితం, రహస్యంగా ఉంచుతారు.

ఎంఆర్‌ఐ కూడా నార్మల్. అయినా జబ్బు ఉందంటున్నారు.

ఉండవచ్చు. స్క్రబ్ టైఫస్ పొదల్లో, గడ్డిలో ఉండే నలుసంత పురుగు కుట్టి వస్తుంది. మనిషి మత్తుగా, మెడ బిగిసి ఉన్నా ఎంఆర్‌ఐ చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. చంకలోనో గజ్జలోనో సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు ఉందేమో చూడాలి. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌తో త్వరగా తగ్గుతుంది. మెదడు మలేరియా రక్తం చుక్కలో తెలుస్తుంది. బట్ట విప్పి ఒళ్లంతా చూసే డాక్టరును చూసి విసుక్కోకండి. మెషీన్‌కు దొరకని జబ్బు ఆయన కంటికి దొరుకుతుంది.

## మందులు మొదలయ్యాక

రెండు నెలలు టీబీ మందులు వేస్తే గడ్డ ఇంకా పెద్దదైంది. మందు పనిచేయలేదా?

పనిచేస్తూ కూడా అలా జరగవచ్చు. క్రిములు చచ్చేకొద్దీ శరీరం వాటి మీద గట్టిగా తిరగబడి వాపు పెంచుతుంది. ఉన్న గడ్డ పెరుగుతుంది, కొత్తది కూడా కనపడవచ్చు. స్టెరాయిడ్ సర్దుతారు, టీబీ మందులు కొనసాగిస్తారు. మందుకు లొంగని టీబీ కాదని కూడా చూసుకుంటారు. మీ అంతట మీరు ఆపేస్తే మాత్రం అసలు ప్రమాదం.

మళ్లీ స్కాన్ ఎప్పుడు?

పురుగు గడ్డకు సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలకు. చీముగడ్డకు వారాల్లోనే. పరిస్థితి దిగజారితే ఏ గడువూ లేదు, వెంటనే. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద కుదురుతుందేమో ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను అడిగి కనుక్కోండి.

గడ్డ కరిగింది, సున్నపు చుక్క మిగిలిందన్నారు. ఫిట్స్ బిళ్ల ఆపొచ్చా?

ఆ చుక్క మానిన పుండు మచ్చ లాంటిది. పురుగు చచ్చింది, కానీ మచ్చ చుట్టూ మెదడు ఉలికిపడుతూనే ఉండొచ్చు. మచ్చ లేకుండా పూర్తిగా కరిగిన వాళ్లకు బిళ్ల త్వరగా తగ్గిస్తారు, చుక్క మిగిలినవాళ్లకు ఎక్కువ కాలం వాడతారు. పెళ్లి కుదిరిందని, బిళ్ల కనపడకూడదని ఆపేసి పెళ్లిపీటల మీదే ఫిట్స్ వచ్చిన పిల్లను నేను ఎరుగుదును.

పాత ఫిల్ములు దాచాలా, పారేయొచ్చా?

దాచండి. సీడీ ఇస్తే అదీ దాచండి. మడత పెట్టకండి, ఎండ తగిలే గోడకు తగిలించకండి, రెండు ఫిల్ముల మధ్య కాగితం పెట్టండి. ఆలూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన యూరియా సంచిలో చుట్టి ఆరేళ్ల నాటి ఫిల్ము తెచ్చాడు. కొత్త ఫిల్ములో ఉన్న చుక్క పాతదానిలోనూ అదే చోట, అదే సైజులో ఉంది. కొత్త జబ్బు ఏమీ లేదని తేలింది. ఆయన మనవడికి ఆపరేషన్ తప్పి, ఆ సాయంత్రమే బస్సెక్కారు.